పరుగు భంగిమ - గాయాల నివారణ

పరుగు భంగిమ అనగా పరుగెత్తేటప్పుడు తల, భుజాలు, చేతులు, నడుము, కాళ్ళు, పాదాలు కదిలే తీరు. పరుగెత్తేవారికి కలిగే గాయాలలో ఎక్కువ భాగం కిందపడటం వలన గానీ దెబ్బ తగలటం వలన గానీ వచ్చేవి కావు. ఒకే భారం కొన్ని వేలసార్లు ఒకే చోట పడటం వలన, ఆ చోటు కోలుకొనేలోగా మళ్ళీ భారం పడటం వలన అవి కలుగుతాయి. అందువలన గాయాల నివారణకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, భంగిమను సరిదిద్దుకొని ఒక్కొక్క అడుగులో పడే భారాన్ని తగ్గించటం. రెండవది, పరుగు మోతాదును నెమ్మదిగా పెంచి ఎముకలకు, కండరాలకు బలపడే వ్యవధి ఇవ్వటం. రెండింటిలో రెండవదే ముఖ్యమైనది. మొదటిది దానికి తోడ్పడుతుంది.

రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఇక్కడ తెల్లవారుజామున మైదానాలలో, కాలువ గట్లపై, రహదారుల వెంట పరుగెత్తే యువతీయువకులలో చాలామంది పోలీసు లేదా సైనిక ఉద్యోగాల ఎంపిక కొరకు సాధన చేసేవారు. వీరికి కాలి గాయం అంటే కొన్ని వారాల నొప్పి మాత్రమే కాదు, ఒక్కొక్కసారి ఉద్యోగావకాశమే చేజారిపోవటం.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో సివిల్ కానిస్టేబుల్ ఉద్యోగానికి నిర్వహించే దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. దీనిని పురుషులు 8 నిమిషాలలో, స్త్రీలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. దీనితోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్‌లలో కూడా పరీక్ష ఉంటుంది. భారత సైన్యపు నియామక ర్యాలీలలో 1.6 కి.మీ. పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికి అత్యధిక మార్కులు లభిస్తాయి.

400 మీటర్ల మైదానంలో 1600 మీటర్లు అంటే నాలుగు చుట్లు. 8 నిమిషాలలో పూర్తి చేయాలంటే ఒక్కొక్క చుట్టుకు 2 నిమిషాలు, అనగా గంటకు 12 కి.మీ. వేగం. ఆరోగ్యవంతులైన యువకులకు ఇది అసాధ్యమైనది కాదు. అయితే సాధన ఎప్పుడు మొదలుపెట్టారన్నదే ప్రశ్న. ఉద్యోగ ప్రకటన వెలువడే తేదీ, పరీక్ష జరిగే తేదీ అభ్యర్థుల చేతిలో ఉండవు. ఉదాహరణకు, 2022 నవంబరు 28న వెలువడిన కానిస్టేబుళ్ళ నియామక ప్రకటనకు సంబంధించి ప్రాథమిక వ్రాతపరీక్ష 2023 జనవరి 22న జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మాత్రం 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. ఇంత సుదీర్ఘమైన విరామంలో సాధన ఆపివేసి, తేదీ తెలిసిన తరువాత ఒక్కసారిగా మునుపటి మోతాదులో పరుగెత్తటం గాయాలకు అనువైన పరిస్థితి. వయోపరిమితి ఉన్న ఉద్యోగాలు కనుక తదుపరి అవకాశం వరకు వేచి ఉండటం కూడా అందరికీ సాధ్యం కాదు. ఈ కారణంగానే నొప్పిని దాచుకొని పరుగెత్తే అలవాటు అభ్యర్థులలో కనిపిస్తుంది.

చరిత్ర

ఎముక పదేపదే పడే భారం వలన బీట వారుతుందన్న విషయం మొదట సైనికుల పాదాలలోనే గమనించబడింది. ప్రష్యా దేశపు సైనిక వైద్యుడు బ్రైథాప్ట్ 1855లో దూరపు కవాతుల తరువాత సైనికుల పాదాలలో కలిగే వాపును, నొప్పిని వర్ణించాడు. అప్పటికి ఎక్స్-రే లేదు. 1895లో ఎక్స్-కిరణాలను కనుగొన్న తరువాత 1897లో ఆ నొప్పికి కారణం పాదపు ఎముకలలోని బీటలేనని తెలిసింది. ఈ కారణంగా దీనికి 'మార్చ్ ఫ్రాక్చర్' అనగా 'కవాతు బీట' అన్న పేరు వచ్చింది. నేడు దీనిని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నారు.

భంగిమపై పరిశోధనలు ఆ తరువాతివి. 2010లో నేచర్ పత్రికలో డేనియల్ లీబర్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధన, చిన్ననాటి నుండి చెప్పులు లేకుండా పరుగెత్తేవారు సాధారణంగా పాదపు ముందుభాగాన్ని మొదట ఆనిస్తారని, అందువలన నేల తాకిన క్షణంలో కలిగే అదురు తక్కువని చూపింది. 2011లో హైడర్‌షైట్ బృందం, వేగం మార్చకుండా నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుండి 10 శాతం పెంచితే మోకాలు, తుంటి కీళ్ళపై భారం తగ్గుతుందని తెలిపింది.

శరీరంపై పడే భారం

నడకలో ఎల్లప్పుడూ ఏదో ఒక పాదం నేలపై ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకు మధ్య రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ఒకటుంటుంది. ఆ తరువాత శరీరం మొత్తం ఒక కాలిపై వాలుతుంది. అప్పుడు నేల నుండి పాదంపై పడే బలం శరీర బరువుకు సుమారు 2 నుండి 3 రెట్లు. 60 కిలోల బరువున్న వ్యక్తి కాలిపై రెండున్నర రెట్ల చొప్పున 150 కిలోల బరువుతో సమానమైన బలం పడుతుందన్నమాట. 1600 మీటర్ల పరుగులో సుమారు 1400 అడుగులు పడతాయనుకొంటే, ఒక్కొక్క కాలు ఈ బలాన్ని 700 సార్లు భరించవలసి ఉంటుంది.

ఎముక జీవమున్న కణజాలం. భారం పడినచోట పాత పదార్థం ముందుగా తొలగించబడి, ఆ తరువాత కొత్త పదార్థం ఏర్పడుతుంది. తొలగింపు కొన్ని వారాలలోనే జరుగుతుంది. నిర్మాణం పూర్తికావటానికి సుమారు 3 నెలలు పడుతుంది. అందువలన కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిలో తొలి వారాలలో ఎముక కొంత బలహీనంగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు మాత్రం ఆ వారాలలోనే మెరుగుపడతాయి. మూడవ, నాలుగవ వారానికి ఆయాసం తగ్గి, ఇంకా ఎక్కువ పరుగెత్తగలనన్న ధైర్యం కలుగుతుంది. ఊపిరి ముందుగా కుదురుతుంది, ఎముక ఆలస్యంగా కుదురుతుంది. ఈ తేడా తెలియక మోతాదు పెంచటమే గాయాలకు ప్రధాన కారణం.

భంగిమలోని అంశాలు

అందరికీ సరిపోయే ఒకే భంగిమ అంటూ లేదు. ప్రతివారి ఎముకల పొడవు, కీళ్ళ అమరిక వేరు. నొప్పి లేకుండా, హాయిగా పరుగెత్తేవారు భంగిమ మార్చుకోవలసిన అవసరం లేదు. తరచూ నొప్పి వచ్చేవారు, కొత్తగా మొదలుపెట్టేవారు గమనించవలసిన అంశాలు ఇవి:

• తల, చూపు: చూపు 15-20 మీటర్ల ముందు నేలపై ఉండాలి. పాదాల వైపు చూస్తే మెడ, నడుము వంగుతాయి.

• భుజాలు: చెవుల వైపు బిగుసుకొనకుండా వదులుగా ఉండాలి. అలసట మొదట భుజాలలోనే కనిపిస్తుంది.

• చేతులు: మోచేయి వద్ద సుమారు లంబకోణంలో వంగి, ముందుకు వెనుకకు ఊగాలి. ఛాతీకి అడ్డంగా ఊగితే నడుము కూడా పక్కలకు తిరుగుతుంది. పిడికిలి బిగించరాదు.

• నడుము: శరీరం చీలమండ నుండి కొద్దిగా ముందుకు వాలాలి. నడుము వద్ద వంగితే అది వాలు కాదు, కూనివేత అవుతుంది.

• మోకాలు: పాదం నేల తాకే సమయానికి మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. కాలు చాచి, మోకాలు బిగించి మడమతో నేలను పొడిచినట్లు అడుగు వేస్తే బలం నేరుగా ఎముకలకు చేరుతుంది.

• పాదం: శరీరానికి బాగా ముందు కాకుండా, వీలైనంత వరకు నడుము కిందికి దగ్గరగా పడాలి.

చివరి రెండు అంశాలు చాలా ముఖ్యమైనవి. త్వరగా చేరాలన్న తొందరలో పెద్ద అంగలు వేయటం కొత్తవారిలో కనిపించే సాధారణ లోపం. పెద్ద అంగ వేసినప్పుడు ముందుకు పడిన కాలు ప్రతి అడుగులోనూ వేగానికి అడ్డుకట్ట వేస్తుంది. వేగమూ తగ్గుతుంది, మోకాలికి దెబ్బా తగులుతుంది.

మడమ ముందు ఆనాలా, పాదపు ముందుభాగం ఆనాలా అన్నది చాలాకాలంగా చర్చలో ఉన్న విషయం. మునివేళ్ళ వైపు ఆనిస్తే మోకాలిపై భారం తగ్గుతుంది గానీ, ఆ భారం పిక్క కండరానికి, మడమ వెనుకనున్న స్నాయుబంధనానికి చేరుతుంది. అంటే భారం మాయం కాదు, చోటు మారుతుంది. అందువలన పరీక్షకు కొన్ని వారాల ముందు పాదం ఆనించే తీరును బలవంతంగా మార్చుకోవటం మంచిది కాదు.

అడుగుల లెక్క

అంగను తగ్గించటానికి సులభమైన మార్గం అడుగుల సంఖ్యను పెంచటం. దీనికి గడియారం తప్ప ఏ పరికరమూ అవసరం లేదు.

1. అలవాటైన వేగంతో పరుగెత్తుతూ 30 సెకన్లలో కుడిపాదం ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కించాలి.

2. దానిని 4తో గుణిస్తే నిమిషానికి పడే మొత్తం అడుగుల సంఖ్య వస్తుంది. ఉదాహరణకు 38 సార్లు తాకితే నిమిషానికి 152 అడుగులు.

3. దీనికి 5 శాతం కలపాలి. 152కు 5 శాతం కలిపితే సుమారు 160, అనగా 30 సెకన్లలో కుడిపాదం 40 సార్లు తాకాలి.

4. వేగం పెంచకుండా, మొదట ఒక నిమిషం పాటు, తరువాత కొన్ని నిమిషాల పాటు ఈ లెక్కతో పరుగెత్తాలి. అలవాటుపడటానికి కొన్ని వారాలు పడుతుంది.

నిమిషానికి 180 అడుగులు అందరికీ ఆదర్శమన్న ప్రచారం ఉన్నది. ఇది మేటి క్రీడాకారులను పోటీ వేగంలో గమనించి చెప్పిన లెక్క. ఎత్తు, వేగాన్ని బట్టి సంఖ్య మారుతుంది కనుక ఎవరి సంఖ్యకు వారు కొద్దిగా కలుపుకోవటమే సరైన పద్ధతి.

సాధారణ గాయాలు

• పిక్క ముందు ఎముక నొప్పి: అంతర్జంఘిక అనే పెద్ద ఎముక లోపలి అంచు వెంట జానెడు పొడవునా నొప్పి ఉంటుంది. పరుగు మొదట్లో ఎక్కువగా ఉండి, ఒళ్ళు వేడెక్కిన తరువాత తగ్గవచ్చు. మోతాదు తగ్గిస్తే సాధారణంగా నయమవుతుంది.

• స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముక బీట): నొప్పి ఒకే బిందువు వద్ద ఉంటుంది. వేలితో నొక్కితే ఆ చోటు తెలుస్తుంది. పరుగెత్తేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ముదిరితే నడకలోనూ, రాత్రి విశ్రాంతిలోనూ ఉంటుంది. ఒంటికాలిపై గెంతితే భరించరానిదిగా ఉంటుంది. దీనిని లెక్కచేయక పరుగెత్తితే ఎముక పూర్తిగా విరగవచ్చు.

• మోకాలిచిప్ప చుట్టూ నొప్పి: మెట్లు దిగేటప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు ఎక్కువవుతుంది. పెద్ద అంగలు, తుంటి కండరాల బలహీనత దీనికి తోడ్పడతాయి.

• మడమ వెనుక స్నాయుబంధనం నొప్పి: ఉదయం లేచిన వెంటనే బిగుసుకొని ఉంటుంది. వేగపు పరుగు, ఎత్తు ఎక్కే పరుగు ఒక్కసారిగా పెంచినవారికి వస్తుంది.

• అరికాలి నొప్పి: నిద్ర లేచి మొదటి అడుగు వేసినప్పుడు మడమ కింద సూది గుచ్చినట్లుంటుంది.

• తొడ వెనుక కండరం పట్టివేయటం: 100 మీటర్ల పరుగును ఒళ్ళు వేడెక్కకుండా సాధన చేసేవారిలో ఎక్కువ.

నేల, పాదరక్షలు

కర్నూలు, నంద్యాల ప్రాంతాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. వేసవిలో ఇవి నెర్రెలు విచ్చుతాయి. మసక వెలుతురులో నెర్రెలో కాలు పడితే చీలమండ బెణుకుతుంది. ఎర్రగరుసు నేలలో చిన్న రాళ్ళు జారుడు కలిగిస్తాయి. బీడు భూములలో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఉంటాయి కనుక చెప్పులు లేని పరుగుకు అవి తగవు.

సుంకేసుల నుండి కడప వైపు సాగే కె.సి. కాలువ గట్ల వంటి మట్టిబాటలు సిమెంటు రోడ్లకంటే మెత్తగా ఉంటాయి. అయితే గట్టు ఒకవైపు వాలి ఉన్నచోట ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. రహదారి అంచున పరుగెత్తినా ఇదే జరుగుతుంది. వచ్చేటప్పుడు కూడా అదే అంచున తిరిగివస్తే వాలు రెండవ కాలికి మారుతుంది. ఎండిన ఏటి ఇసుకలో పరుగు పిక్కలకు అధిక శ్రమ కలిగిస్తుంది. అది కొద్ది నిమిషాలకు మించరాదు. పరీక్ష జరిగే నేల వంటి నేలపై వారానికి ఒకసారైనా సాధన చేయటం అవసరం.

పాదరక్షల విషయంలో ఖరీదు కంటే అమరిక ముఖ్యం. అరికాలి వంపును బట్టి బూట్లు ఎంపిక చేస్తే గాయాలు తగ్గుతాయన్న నమ్మకాన్ని అమెరికా సైనిక శిక్షణార్థులపై జరిగిన పరిశోధనలు బలపరచలేదు. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండి, మడమ వద్ద జారకుండా ఉండి, తొడిగిన వెంటనే హాయిగా అనిపించే బూట్లు చాలును. అడుగుభాగం ఒకవైపు అరిగిపోయిన బూట్లు మార్చాలి. కొత్త బూట్లను పరీక్షనాడు మొదటిసారిగా తొడగరాదు. చెప్పులు లేకుండా సాధన చేయదలచినవారు శుభ్రమైన మైదానంలో కొద్ది నిమిషాలతో మొదలుపెట్టాలి.

ఎండ, నీరు, ఆహారం

ఈ ప్రాంతంలో వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటటం సర్వసాధారణం. వేసవి సాధన సూర్యోదయానికి ముందే ముగియాలి. పగలంతా కాగిన సిమెంటు, తారు రోడ్లు సాయంత్రం కూడా వేడిని వెదజల్లుతాయి. ఎండకు శరీరం అలవాటుపడటానికి 10 నుండి 14 రోజులు పడుతుంది. ఆ రోజులలో వేగం తగ్గించాలి. పరుగెత్తే వ్యక్తి తడబడటం, పొంతనలేని మాటలు మాట్లాడటం, స్పృహ తప్పటం వడదెబ్బ లక్షణాలు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోస్తూ విసరాలి. 108 వాహనాన్ని పిలవాలి. స్పృహ లేనివారికి నీరు తాగించరాదు. అలసట వలన భంగిమ చెడుతుంది కనుక ఎండ ఎముకల గాయాలకు కూడా పరోక్ష కారణమే.

ఎముక బలానికి తగినంత ఆహారం అవసరం. బరువు తగ్గాలని తిండి మాని పరుగెత్తేవారిలో ఎముక బీటలు ఎక్కువ. రాయలసీమ ప్రజల ఆహారమైన రాగి సంగటి ఈ విషయంలో మేలైనది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పప్పు, గుడ్లు, వేరుశనగలు, మజ్జిగ మాంసకృత్తులను సమకూరుస్తాయి. సాధన చేసే స్త్రీలలో నెలసరి ఆగిపోవటం శరీరానికి శక్తి చాలటం లేదనటానికి గుర్తు. అది ఎముకలను బలహీనపరుస్తుంది. దీనిని సహజమని వదిలివేయక వైద్యురాలిని సంప్రదించాలి.

శిక్షణ క్రమం

2025లో ప్రచురితమైన, ఐదు వేలకు పైగా పరుగరులపై జరిగిన ఒక అధ్యయనంలో, గడచిన 30 రోజులలో పరుగెత్తిన అత్యధిక దూరం కంటే ఒకేరోజు 10 శాతానికి మించి ఎక్కువ పరుగెత్తినప్పుడు గాయాల అవకాశం పెరిగినట్లు తేలింది. దీనినిబట్టి ఏ ఒక్కరోజూ అతిగా పరుగెత్తకపోవటమే మొదటి సూత్రం. కొత్తగా మొదలుపెట్టేవారికి, దీర్ఘ విరామం తరువాత తిరిగి వచ్చేవారికి 12 వారాల క్రమం ఒకటి ఈ విధంగా ఉండవచ్చు. పరుగు రోజు విడిచి రోజు.

• 1-3 వారాలు: 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, ఇలా 6 నుండి 8 సార్లు.

• 4-6 వారాలు: 5 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, ఇలా 4 సార్లు.

• 7వ వారం: మోతాదులో మూడవ వంతు తగ్గింపు. ఇది ఎముకకు విశ్రాంతి.

• 8-10 వారాలు: మాట్లాడగలిగేంత నెమ్మదిగా 20 నుండి 25 నిమిషాల పరుగు. వారంలో ఒకరోజు మాత్రం 400 మీటర్ల చుట్లు నాలుగు, పరీక్ష వేగంతో, మధ్య 3 నిమిషాల విరామంతో. పురుషులకు చుట్టుకు 2 నిమిషాలు, స్త్రీలకు 2 నిమిషాల 37 సెకన్లు.

• 11వ వారం: ఒకసారి పూర్తి 1600 మీటర్ల పరుగు. మొదటి చుట్టు వేగంగా పరుగెత్తి చివరి చుట్టులో కూలబడటం సాధారణ లోపం కనుక ప్రతి చుట్టు సమయాన్నీ గమనించాలి.

• 12వ వారం: తేలికపాటి పరుగు మాత్రమే.

పరుగు లేని రోజులలో గుంజీళ్ళు, మునివేళ్ళపై లేవటం, ఒంటికాలిపై నిలబడటం, బస్కీలు వంటివి చేయాలి. పిక్క, తుంటి కండరాలు బలపడితే ఎముకపై భారం తగ్గుతుంది. పరుగుకు ముందు 10 నిమిషాల వేగపు నడక, మోకాళ్ళు పైకెత్తే కదలికలు చాలు.

గాయం కలిగినప్పుడు

నొప్పి విస్తరించి, స్వల్పంగా ఉండి, మరునాటికి తగ్గితే మోతాదు తగ్గించి కొనసాగించవచ్చు. నొప్పి ఒకేచోట ఉండి, కుంటవలసి వస్తే పరుగు వెంటనే ఆపాలి. ఎముక బీట మొదటి రెండు, మూడు వారాలలో ఎక్స్-రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్-రే బాగుందన్నంత మాత్రాన నొప్పిని కాదనరాదు. కర్నూలు, కడపలలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో ఎముకల వైద్య విభాగాలున్నాయి. ఎముకల కట్టుకు పుత్తూరు రాయలసీమ అంతటా పేరొందినది. అయితే ఏ కట్టు కట్టించుకోవటానికైనా ముందు గాయం ఏమిటో నిర్ధారణ కావాలి. బీట ఉన్నచోట మర్దనా చేయటం హానికరం. నొప్పి మాత్రలు మింగి పరుగెత్తటం అంతకంటే హానికరం. నొప్పి తెలియదు గానీ బీట పెరుగుతుంది.

పిక్క ఎముకలో సాధారణంగా ఏర్పడే బీట మానటానికి 6 నుండి 8 వారాలు, ఒక్కొక్కసారి అంతకు మించి పడుతుంది. తొలినాడే ఆగినవారు కోల్పోయేది ఆ వారాలు మాత్రమే. ఆగనివారు పరీక్షనే కోల్పోవచ్చు. అందుచేత ఉద్యోగ ప్రకటన కొరకు ఎదురుచూడక, వారానికి మూడు రోజులు, 20 నిమిషాల చొప్పున నెమ్మదిగా పరుగెత్తే అలవాటును ఏడాది పొడవునా నిలుపుకోవటమే గాయాల నివారణకు అన్నింటికంటే చవకైన, నమ్మదగిన మార్గం.

ఇవి కూడా చూడండి

• పరుగు పందెం
• మారథాన్
• వడదెబ్బ
• కె.సి. కాలువ